చిన్న ఇల్లు, విశాలత

చిన్న ఇల్లు అనే మాటకు అన్నిచోట్లా చెల్లే కొలత ఒకటి లేదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలు. తెలంగాణలో ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు. తెలుగు నేతకారులు తరాల కిందట వలస వెళ్లిన ముంబయిలో బీడీడీ చాళ్లు అనే పాత వసతి భవనాల్లో గది 160 చదరపు అడుగులే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒంటిగది ఇంట్లో కాపురముంటున్నాయి. మరో 32 కుటుంబాలకు ఉన్నవి రెండే గదులు. అంటే ఇరుకింట్లో జాగా చేసుకోవడం తీరిక ఉన్నవాళ్ల అలంకరణ ముచ్చట కాదు, దేశంలో మూడింట రెండు వంతుల కుటుంబాలు రోజూ చేస్తున్న పని. అయినా ఈ విషయం మీద దొరికే సలహాల్లో ఎక్కువ భాగం రంగుల, అద్దాల చుట్టూనే తిరుగుతుంది. ఈ వ్యాసం మరో వైపు నుంచి చూస్తుంది. ఇరుకుతనంలో గోడల పాలు కొంతే. రోజుకు కొన్ని గంటలే పనికొచ్చే వస్తువు ఇరవై నాలుగు గంటలూ నేలను పట్టుకుని కూర్చోవడం వల్ల వచ్చే ఇరుకు అంతకంటే ఎక్కువ. ఆ నేలను విడిపించి, చూపుకు దూరం, గదికి వెలుతురు ఇవ్వగలిగితే అదే ఇల్లు వేరే ఇల్లవుతుంది.

ముందు కొలతల సంగతి. అమ్మకం కాగితాల్లో కనిపించే సూపర్ బిల్టప్ ఏరియాలో మెట్లు, లిఫ్టు, నడవాల వాటా కూడా కలిసి ఉంటుంది. 2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కార్పెట్ ఏరియాకు కచ్చితమైన నిర్వచనం ఇచ్చింది: బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీలు తీసేసి, లోపలి అడ్డగోడలను మాత్రం కలుపుకొని లెక్కగట్టే వాడుక నేల. కొనేవారికి ఇది పెద్ద మేలు. కాని సామాను దిగాక మిగిలే నేలను ఏ చట్టమూ కొలవదు. నడిచేదీ, పిల్లలు ఆడుకునేదీ, నలుగురు వస్తే కూర్చునేదీ ఆ మిగిలిన నేల మీదే.

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న పడకగదిని తీసుకుందాం. అయిదడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉన్న డబుల్ కాట్ 32 చదరపు అడుగుల పైచిలుకు ఆక్రమిస్తుంది. మూడడుగుల ఇనప బీరువా నాలుగున్నర, దాని తలుపులు తెరుచుకోవడానికి మరో నాలుగున్నర. మూడడుగుల గది తలుపు లోపలికి తిరిగే పావు వలయం ఏడు. కుర్చీ, బల్ల ఏవీ రాకముందే వంద చదరపు అడుగుల్లో దాదాపు సగం అయిపోయింది. అందులో మంచానికి పని ఏడెనిమిది గంటలు. మిగతా పదహారు గంటలూ అది మడతపెట్టని బట్టలకు చోటు. భోజనాల బల్ల లెక్క ఇంకా కఠినం. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న బల్ల తానుగా పదిహేను చదరపు అడుగులే. కుర్చీలు వెనక్కి లాగి కూర్చోవడానికి చుట్టూ రెండేసి అడుగులు వదిలితే అది 63 అవుతుంది. 365 చదరపు అడుగుల ఫ్లాట్‌లో ఆరో వంతుకు మించిన నేల, రోజుకు మహా అయితే గంటన్నర భోజనం కోసం. ఇంట్లో చోటు చాలడం లేదని అనిపించినప్పుడు మొదట వేసుకోవలసిన లెక్క ఇది: ఏ వస్తువు ఎన్ని అడుగులు, ఎన్ని గంటలు?

ఇంతింత సామాను చిన్న ఇళ్లలోకి ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. తెలుగు ఇళ్లలో మంచం, బీరువా, సోఫా, ఫ్రిజ్ చాలావరకు పెళ్లి సారెగా వస్తాయి. ఇంటి కొలత చూసి కాదు, ఇచ్చేవారి తాహతు, పుచ్చుకునేవారి గౌరవం చూసి వస్తాయి. కొత్త దంపతులు చేరబోయేది ఒంటిగది అద్దె ఇల్లే కావచ్చు, సారె మాత్రం నాలుగు గదుల ఇంటికి తగినది. రెండో కారణం గోడలోనే ఉంది. పాత మట్టిగోడలు లావుగా ఉండేవి కాబట్టి వాటిలో గూళ్లు తొలిచేవారు. దీపం, దేవుడు, ఉప్పు, పుస్తకం అన్నీ గోడలోనే ఒదిగేవి. ఇప్పటి ఇటుక గోడ బయటివైపు తొమ్మిది అంగుళాలు, లోపలి అడ్డగోడ నాలుగున్నర. గూటికి మందం లేదు. గోడలో ఉండే అలమర నేల మీదికి దిగింది, దిగినప్పుడు నేలను తనతో తీసుకుపోయింది.

విశాలమైన పాత ఇల్లు అనగానే మండువా లోగిలి గుర్తుకొస్తుంది. మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారాలు, వీధి అరుగు. అది కలిగినవారి ఇల్లు. చిన్న ఇంటికి పాఠం అక్కడ వెతకడం సరికాదు. అసలైన సాక్ష్యం ఒంటిగది పూరింట్లోనూ, ఉత్తరాంధ్ర తీరంలో గాలివానలకు నిలిచే చుట్టింట్లోనూ ఉంది. వాటిలో చాప పొద్దున్నే చుట్ట చుట్టి మూలకు చేరేది. నులక మంచాన్ని లేవగానే గోడకు నిలబెట్టేవారు, లేదా పంచలోకి తెచ్చేవారు. బట్టలకు దండెం, పాలకూ పెరుగుకూ ఉట్టి, పసిబిడ్డకు దూలం నుంచి వేలాడే ఊయల. ధాన్యం, పాత సామాను అటక మీద. గమనిస్తే ఇంట్లోని దాదాపు ప్రతి వస్తువూ మడిచేదో, చుట్టేదో, వేలాడేదో, గోడలో దూరేదో. నేల మాత్రం ఖాళీ. ఆ నేల మీదే పొద్దున కూర తరిగేవారు, మధ్యాహ్నం విస్తళ్లు వేసేవారు, సాయంత్రం పిల్లలు చదువుకునేవారు, రాత్రి పడుకునేవారు. నాలుగు గదులు చేసే పని ఒక గది నాలుగు వేళల్లో చేసింది. పేదరికం వల్ల వచ్చిన ఏర్పాటే అయినా, అందులోని తెలివి పేదరికంతో పాటు పోవలసినది కాదు.

ఇక చూపు. వాస్తుశిల్ప పరిశోధకుడు మైకేల్ బెనెడిక్ట్ 1979లో ఒక కొలమానాన్ని ప్రతిపాదించాడు: ఒక బిందువు దగ్గర నిలబడితే అక్కడి నుంచి అడ్డం లేకుండా కనిపించేంత మేర. గది వైశాల్యం మారకపోయినా ఈ కనిపించే మేర బీరువాను ఒక మూల నుంచి మరో మూలకు జరపగానే మారిపోతుంది. పదడుగుల గదిలో గోడకు గోడ దూరం పది అడుగులు, మూల నుంచి మూలకు పద్నాలుగు. తలుపు గుండా పక్క గది కిటికీ దాకా చూపు సాగితే ఇరవై పైచిలుకు. తెలుగు పల్లె ఇళ్లలో వీధి గుమ్మం, నడిమింటి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరుసలో ఉండటం మామూలు. వీధిలో నిలబడినవాడికి పెరటి చెట్టు కనబడేది. గాలి కూడా ఆ దారినే సాగేది. చాలా ఫ్లాట్లలో ముఖద్వారం తెరవగానే మూడడుగుల్లో గోడ ఎదురవుతుంది. ఆ గోడను పగలగొట్టలేం. కాని చూపు తిరిగే మలుపులో పొడవాటి సామాను లేకుండా చూసుకోవచ్చు, నడుము ఎత్తు దాటిన వస్తువులన్నిటినీ తలుపు ఉన్న గోడకే చేర్చవచ్చు. లోపలికి వచ్చినవారికి అవి వెనకాల పడతాయి.

వెలుతురు చూపుకు తోడు. జాతీయ భవన నియమావళి ఉక్కపోత ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో కిటికీలు, వెంటిలేటర్ల తెరుపు నేల వైశాల్యంలో ఆరో వంతుకు తగ్గరాదని, పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతుకు తగ్గరాదని చెబుతుంది. నియమం ప్రకారం కట్టిన కిటికీకి సగం దాకా బీరువా నిలబెడితే నియమం కాగితం మీదే మిగులుతుంది. వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండర్ బృందం 1977లో వెలువరించిన ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ ప్రతి గదికీ రెండు వైపుల నుంచి వెలుతురు రావాలని గట్టిగా వాదించింది. ఒకే కిటికీ ఉన్న గదిలో దాని చుట్టూ ఉన్న గోడ చీకటిగా కనిపించి కంటికి శ్రమ కలుగుతుంది. రెండో వైపు నుంచి చిన్న వెంటిలేటర్ ఉన్నా ఆ చీకటి కరుగుతుంది. పాత ఇళ్లలో గుమ్మం పైన ఉండే వెంటిలేటర్లను ఏసీల కోసం మూసేయడం వల్ల గాలితో పాటు ఈ రెండో వెలుతురు కూడా పోయింది.

రంగు గురించి నిలకడైన ప్రయోగాలు తక్కువ, ఉన్నవి మాత్రం ఆసక్తికరం. జర్మనీలోని మైన్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో పైకప్పు లేత రంగులో ఉన్నా, గోడలు లేత రంగులో ఉన్నా గది ఎత్తుగా తోచింది. నేల రంగు ఎత్తును మార్చలేదు. గోడలు ముదురుగా, కప్పు లేతగా ఉండి రెండింటి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తేనే కప్పు పైకి లేస్తుందన్న ప్రచారానికి ఆధారం దొరకలేదు. అంటే పల్లెల్లో పండగకు గోడలకూ కప్పుకూ కలిపి ఒకే సున్నం కొట్టడం ఈ విషయంలో ఏ అలంకరణ నిపుణుడి సలహాకూ తీసిపోదు. 1984లో సడాలా, ఆక్స్‌లీ అనే ఇద్దరు పరిశోధకులు వైశాల్యం ఒకటే అయినా చదరపు గది కంటే పొడవాటి గది పెద్దదిగా తోస్తుందని చూపారు. ఇవన్నీ నిజమే. కాని రంగు కంటికి ఇచ్చినదాన్ని మోకాలికి ఇవ్వలేదు. మంచానికీ గోడకూ మధ్య ఒక అడుగే ఉంటే ఎంత తెల్లటి గోడైనా పక్కకు తిరిగి నడవాల్సిందే. తొమ్మిది అడుగుల కప్పు కింద ఫాల్స్ సీలింగ్ దింపి, దానికి లైట్లు పెట్టి గది పెద్దదైందనుకోవడం మరీ బాధాకరం. నివాస గదికి నియమావళి అడిగే కనీస ఎత్తు 2.75 మీటర్లు, చిన్న ఇంట్లో పైన ఉన్న ఆ గాలి ఒక్కటే ఎవరూ ఆక్రమించని ఆస్తి.

అద్దం విషయంలోనూ ఇదే వివేచన అవసరం. లండన్‌లో వాస్తుశిల్పి సర్ జాన్ సోన్ తన ఇంట్లో, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆ ఇంట్లో, ఫలహారపు గది గోపురపు కప్పుకు చిన్న చిన్న కుంభాకార అద్దాలు బిగించాడు. ఆ చిన్న గది అంత విశాలంగా అనిపించడానికి కారణం అద్దాలు మాత్రమే కాదు. కప్పు అంచుల వెనక నుంచి, కంటికి కనపడని పైకిటికీల నుంచి దిగే వెలుతురు అసలు పని చేస్తుంది, అద్దాలు దాన్ని పట్టి పంచుతాయి. అద్దానికి ఎదురుగా కిటికీ ఉంటే రెండో కిటికీ వస్తుంది, బట్టల కుప్ప ఉంటే రెండో కుప్ప వస్తుంది. భ్రమతో చోటును పెంచడానికి హద్దు ఎక్కడుందో రోములోని పలాజ్జో స్పాదా భవనంలో కనిపిస్తుంది. వాస్తుశిల్పి బొరోమిని పదిహేడో శతాబ్దిలో అక్కడ కట్టిన నడవా పొడవు తొమ్మిది మీటర్ల లోపే. స్తంభాలను క్రమంగా కుదించడం వల్ల అది ముప్పై మీటర్లు దాటినట్టు కనిపిస్తుంది. ఒకచోట నిలబడి చూసినంతసేపే ఆ అద్భుతం. ఎవరైనా లోపలికి నడవగానే మనిషి పెరుగుతున్నట్టు, స్తంభాలు కుంగుతున్నట్టు కనిపించి గుట్టు బయటపడుతుంది. ఇల్లు నిలబడి చూసే చోటు కాదు, తిరిగే చోటు.

నేలను వేళల వారీగా పంచుకోవాలన్న వాదానికి జపాన్ ఒకేసారి బలమైన సాక్ష్యమూ, బలమైన అభ్యంతరమూ. అక్కడి సంప్రదాయ గృహంలో పరుపును పగలు గోడ అలమరలోకి మడిచేస్తారు, కాగితపు జరుగుడు తలుపులతో ఒక గది రెండవుతుంది, రెండు ఒకటవుతాయి. మన చాపకు, నులక మంచానికి దగ్గరి చుట్టమే ఆ పద్ధతి. అయితే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గృహ పరిశోధకుడు నిషియామా ఉజో పేదల ఇళ్లను పరిశీలించి, ఎంత చిన్న ఇంట్లోనైనా జనం తినే చోటును, పడుకునే చోటును వేరుగా ఉంచుకోవడానికి పట్టుబడతారని గుర్తించాడు. ఆ ఆలోచన ఆధారంగానే 1951లో ప్రభుత్వ గృహాలకు ‘51సీ’ అనే నమూనా వచ్చింది. దాదాపు నలభై చదరపు మీటర్ల ఇంట్లో వంటగదిని కాస్త పెంచి అక్కడే తినే చోటు కల్పించారు. ఈ అనుభవం వాదాన్ని కొట్టివేయదు, సరిచేస్తుంది. అన్ని పనులనూ ఒకే నేల మీద వేళల వారీగా పేర్చలేం. ముందు లేచేవారికీ ఆలస్యంగా పడుకునేవారికీ మధ్య, ఎంగిలికీ పక్కకూ మధ్య, మనసుకు ఒక ఎడం కావాలి. ఒక మూలనైనా తినడానికి స్థిరంగా ఉంచి, మిగతా నేలను కదిలే పనులకు వదలడం మేలు. గోడకు కీలుతో బిగించిన మడత బల్ల ఆ మూలకు సరిపోతుంది.

వంటగది విషయంలో చిన్నతనం లోపం కానే కాదు. వాస్తుశిల్పి మార్గరెట్ షుట్టె లిహోట్స్‌కీ 1926లో రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అటువంటివి సుమారు పదివేలు కట్టారు. రెండు చేతుల దూరంలో అన్నీ అందేలా, అడుగులు లెక్కపెట్టి అమర్చిన గది అది. తర్వాతి కాలంలో స్త్రీవాదులు దాన్ని విమర్శించారు: ఒక్కరే పట్టే గదిలో ఆడమనిషిని ఒంటరిని చేశారని. ఆ విమర్శ న్యాయమైనదే. అందుకని గోడ తీసేసి హాల్లో కలిపేయమంటే మన వంటకు పొసగదు. మిరపకాయ పోపు ఘాటు, వేపుడు నూనె పొగ హాలులోని పరుపులకూ కర్టెన్లకూ పడుతుంది. నడుము ఎత్తు పైన గోడకు పెద్ద కిటికీ తెరిచి, వండేవారికి హాలులోని మాటా మనుషులూ అందేలా చేసి, అవసరమైనప్పుడు మూసుకునే తలుపు పెట్టడం మధ్యేమార్గం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం తప్పనిసరి.

మడిచే సామానుకు వచ్చే అభ్యంతరాల్లో మోకాళ్లది మొదటిది. అరవై దాటినవారు నేల మీద కూర్చోలేరు, లేవలేరు. నిజమే, వారికి పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న మంచం ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సిందే. దానర్థం ప్రతి గదిలో డబుల్ కాట్ ఉండాలని కాదు. మూడడుగుల దివాన్ కాట్ పగలు ముగ్గురికి ఆసనం, రాత్రి ఒకరికి పక్క, కింద సొరుగుల్లో దుప్పట్లు. రెండో అభ్యంతరం ఇంతకంటే లోతైనది, సలహాలిచ్చేవారు తరచూ మరిచిపోయేది: రోజూ ఆ చాపలు చుట్టేదెవరు, పరుపులు ఎత్తేదెవరు? చాలా ఇళ్లలో ఇల్లాలే. నేల ఖాళీ చేయడం పేరుతో ఆమె నడుము మీద మరో బరువు వేస్తే ఆ విశాలత మిగతావారిది మాత్రమే. కాబట్టి పక్కబట్టల చోటు అటక మీద కాక పిల్లలకు కూడా అందే ఎత్తులో ఉండాలి, ఎవరు పడుకున్నది వారే తీయాలి. ఈ రెండూ కుదరని ఇంట్లో స్థిరమైన మంచమే మంచిది. మూడోది గౌరవానికి సంబంధించినది. తరాలుగా నేల మీద తిన్నవారికి భోజనాల బల్ల ఒక సాధన. దాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. బల్ల వద్దనడం కాదు, తిన్నాక మడిచే బల్ల కావాలనడమే ఇక్కడి మాట. బంధువులు దిగినప్పుడు ఖాళీ నేల మీద ఎనిమిది చాపలు పడతాయి, సోఫా సెట్టు మీద ఒకరు పడుకోగలరు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం: ఇదంతా ఇరుకును భరించడం నేర్పే విద్యే కదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన గృహ, ఆరోగ్య మార్గదర్శకాలు కిక్కిరిసిన ఇళ్లను తగ్గించాలని గట్టిగా సిఫారసు చేశాయి. క్షయ వంటి గాలి ద్వారా వ్యాపించే జబ్బులకు ఇరుకు ఆసరా ఇస్తుంది. ఇక్కడ వాదానికి ఉన్న హద్దును ఒప్పుకోవాలి. వేళల వారీ పంపకం పగటి నేలను పెంచగలదు, రాత్రి నేలను పెంచలేదు. రాత్రి అందరూ ఒకేసారి పడుకుంటారు. 300 చదరపు అడుగుల ఇంట్లో ఆరుగురుంటే తలకు యాభై అడుగులు, అందులో వంటిల్లు, స్నానాల గది కూడా కలిసే ఉన్నాయి. ఏ మడత మంచమూ ఆ లెక్కను మార్చలేదు. హాంకాంగ్ వాస్తుశిల్పి గ్యారీ చాంగ్ 32 చదరపు మీటర్ల ఫ్లాట్‌లో కప్పు పట్టాల మీద జరిగే గోడలతో 24 రకాల గదులు సృష్టించాడని ప్రపంచమంతా మెచ్చుకుంది. అదే ఫ్లాట్‌లో అతను చిన్నప్పుడు తల్లిదండ్రులతో, ముగ్గురు చెల్లెళ్లతో కలిసి ఉన్నాడు. జరిగే గోడలు వచ్చేనాటికి ఉంటున్నది అతనొక్కడే. ఇంటి అమరిక గురించి చెప్పే ప్రతి మాటా తలకు ఇంత నేల అన్న హక్కుకు తోడుగా చెప్పాలి, దానికి బదులుగా కాదు.

రాత్రి నేలను పెంచిన చోటు పాత ఇళ్లలో బయట ఉండేది: వేసవిలో డాబా, మిగతా కాలంలో అరుగు, వసారా. ఇంటి వైశాల్యం రుతువుతో పాటు సాగేది. ఫ్లాట్లలో డాబాకు తాళం పడింది, అరుగుకు వారసుడైన నడవా చెప్పుల స్టాండ్లతో నిండింది. ఈ రెండూ నిర్వహణ నియమాలతో తిరిగి దక్కించుకోగలిగినవే: పిట్టగోడ ఎత్తు పెంచి, రాత్రి దీపం పెట్టి, వేసవి నెలల్లో డాబా తెరిచి ఉంచడం ఒక సంఘ తీర్మానంతో అయ్యే పని. మరికొన్ని ప్లాను గీసేవారి చేతిలో ఉన్నాయి. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో తక్కువ ఖర్చుతో కట్టిన ఇళ్లలో ఇటుకతోనే అరుగులు, గూళ్లు, కూర్చునే చోట్లు కట్టేశాడు, జాలీ గోడలతో గాలీ వెలుతురూ రప్పించాడు. కొనుక్కోవలసిన సామాను ఆ మేరకు తగ్గింది. గది తలుపు స్థానం మరొకటి. పదడుగుల గోడకు నడిమధ్య తలుపు పెడితే ఆ గోడ రెండు ముక్కలై ఏ ముక్కకూ మంచం ఆనదు, నడిచే దారి గదిని మధ్యకు చీలుస్తుంది. అదే తలుపును మూల నుంచి నాలుగు అంగుళాల దూరానికి జరిపితే దారి ఒక గోడ వెంట పోతుంది, మిగిలిన రెండు గోడలూ నిండుగా, తలుపున్న గోడ ఒకే ముక్కగా దొరుకుతాయి, తెరిచిన రెక్క పక్క గోడకు ఆనుకుంటుంది. ఇందుకు ఒక్క ఇటుక కూడా ఎక్కువ పట్టదు.